చిన్నవాని సందేహము

"ఇప్పటి పిల్లలకు ఓర్పు లేదు, చెప్పిన మాట వినరు, ఏడాది నిండకమునుపే రాజీనామా వ్రాసి పోవుదురు" అను ఫిర్యాదును దుబాయిలో తెలుగు అధికారుల నోట తరచుగా వినుచుందును. సెలవులకు వచ్చి, శంషాబాదు విమానాశ్రయమున ఒక కాంట్రాక్టు సంస్థ తరపున షిఫ్టు ఇన్‌చార్జిగా నున్న మా బావగారి యింట దిగినప్పుడును అదే మాట, అదే నిట్టూర్పు. విమానముల మరమ్మతులోనే తల నెరిసి, నేడు కుర్రవాండ్ర జట్టు నొకదానిని నడుపుచున్న నాకు ఈ ఫిర్యాదు సగమే నిజమని తోచుచున్నది.

మన తండ్రుల తరము ఒక్క కొలువునే పట్టుకొని ముప్పదియేండ్లు గడపినదన్నచో, ఆ ఓర్పునకు చివర పింఛను అను ప్రతిఫలముండెను. 2004 జనవరి 1 నుండి కేంద్రప్రభుత్వోద్యోగమున క్రొత్తగా చేరినవారికే, సాయుధ దళములవారికి తప్ప, ఆ పాత పింఛను లేకపోయెను; ఇక కాంట్రాక్టు కుర్రవాండ్ర మాట చెప్పనేల? 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన నాటినుండి చుట్టుపట్ల పల్లెల పిల్లలెందరో సామాను లోడింగునకు, క్లీనింగునకు, కార్గోకు వచ్చుచున్నారు; కాంట్రాక్టు చేతులు మారినప్పుడెల్ల వారికి క్రొత్త యూనిఫారము, క్రొత్త ఐడీ కార్డు. ఒప్పందమున్నంతవరకే తమ్ము నుంచుకొను సంస్థకు వారు జన్మాంతర విధేయతను సమర్పింపవలెననుట యేమి న్యాయము? "అయిదువందలు ఎక్కువిస్తే పోతడు బావా!" అని బావగారు కోపపడిరి. తెల్లవారుజామున నాలుగింటి షిఫ్టునకు అర్ధరాత్రి లేచివచ్చు వానికి ఆ అయిదువందల విలువ మనకంటె బాగుగా తెలియును.

ఇక రెండవ అభియోగము: "ఎందుకు సార్?" అని అడుగుదురట. ఇచ్చట నేను మా బావగారితో బొత్తిగా ఏకీభవింపను. 1977 మార్చి 27న స్పెయినునకు చెందిన టెనెరీఫ్ ద్వీపమున, పొగమంచులో, కె.ఎల్.ఎం. విమానము పరుగందుకొన్నప్పుడు, ఎదుటి పాన్ ఆమ్ విమానము రన్‌వే విడిచినదో లేదో అని ఫ్లైటు ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. ఆ సంస్థలో పేరుమోసిన శిక్షకుడైన కెప్టెను విడిచినదని ఖండితముగా పలుకగా, ప్రయాణమాగలేదు. రెండు విమానములును ఢీకొని 583 మంది మరణించిరి. పెద్దవాని నిశ్చయముకంటె చిన్నవాని సందేహమే సత్యమునకు దగ్గరగా నుండవచ్చునని ఇట్టి దుర్ఘటనలవలన గ్రహించిన విమానయాన లోకము, క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అను పేర ఒక శిక్షణనే ఏర్పరచినది; అది కాక్‌పిట్‌తో ఆగక మా మరమ్మతు శాలలకును వచ్చినది. పెద్దలకెదురు చెప్పరాదను మన మర్యాద పెండ్లిపందిటిలో శోభించునేమో గాని, విమానము రెక్క క్రింద ప్రమాదకరము.

ఫిర్యాదులో నిజమైన సగమును దాచను. ఫోను చూచుచు విమానము చెంతకు పోవువానిని నేను సహింపను. అయినను, కేకలు వేసినంతకాలము మా వారు నేలమీది మరలను ఏరలేదు. ఒక్క చిన్న మరను ఇంజను లోనికి పీల్చుకొన్నచో దాని రేకులు ఎట్లు చీలునో, పాడైన రేకునే తెచ్చి చూపిన పిదప, చెప్పకయే ఏరుచున్నారు. షిఫ్టు మొదట జరుగు బ్రీఫింగులో అందరికంటె క్రొత్తవాడే ముందుగా మాటలాడవలెనని కూడ మా జట్టులో ఒక నియమము పెట్టుకొంటిమి. సీనియరు పలికిన తరువాత ఎవడును వేరుమాట చెప్పడు గదా!

మా బావగారు నవ్విరే గాని ఒప్పుకొనలేదు. శంషాబాదులోని తక్కిన ఇన్‌చార్జిలకు మాత్రము నా విన్నపమొకటి: నేటి రాత్రి బ్రీఫింగులో మొదటి మాట క్రొత్తగా చేరినవానిచేత పలికింపుడు; మీ ఆజ్ఞలు ఆ పిమ్మట ఇయ్యవచ్చును.