పులికాట్ దారిలో మేమిరువురము

రాయలసీమ వారికి సముద్రము దూరపు చుట్టము. 2022లో సూళ్లూరుపేట మన తిరుపతి జిల్లాలో చేరడంతో ఆ చుట్టము పెరటిలోనికే వచ్చినట్లయింది. చలికాలపు సెలవులలో మేము, భార్యాభర్తలము, ఒక వ్యానులో పరుపు, స్టవ్వు, నీళ్ల డబ్బా సర్దుకొని శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా బయలుదేరాము. పగలు అదే వాహనము, రాత్రి అదే గృహము. సూళ్లూరుపేటలో తొలిరాత్రి చిన్న మాటపట్టింపు వచ్చింది. అలిగి కూర్చోవడానికి రెండవ గది లేదు; తెల్లవారకముందే మాట కలిసింది.

అక్కడి నుండి శ్రీహరికోటకు పోయే బాట పులికాట్ సరస్సును చీల్చుకొని సాగుతుంది. దేశంలో చిల్కా తరువాత ఇంతటి ఉప్పుటేటి సరస్సు మరి లేదు. లోతులేని నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తున్నవి. సమీపాన నేలపట్టు చెట్లపై గూడబాతులు పిల్లలను సాకుతున్నవి.

కాళంగి తెచ్చే మంచినీరు, సముద్రము పంపే ఉప్పునీరు కలియడంవల్లనే ఇక్కడి రొయ్యకు, చేపకు, పక్షికి, జాలరికి బ్రతుకు. సముద్ర ముఖద్వారములు ఇసుకతో పూడినచో వలలు ఖాళీ.

ఇంట ఉర్దూ, వీధిని తెలుగు పలికే మాకు ఆ నీరు పరాయిదిగా తోచలేదు. ఏ నీరు ఎవరిదని వేరు చేయబోతే సరస్సే మిగలదు. దాంపత్యమైనా, ఊరైనా అంతే; ద్వారము పూడకుండా చూచుకొనవలెను. విద్యార్థులారా, ఒకసారి ఆ దారిన పోయి రండి.