గడి, పన్ను, అంచు

హౌండ్స్‌టూత్ దేని మీదకి వేసుకోవాలి అని ఆఫీసులో చిన్నవాళ్ళు అడిగినప్పుడల్లా నేను గద్వాల చీర గురించి చెప్తాను. "ఆత్మకూరోళ్ళు ఏదడిగినా గద్వాలకే పట్టుకుపోతారు" అని నవ్వుతారు. మా ఊరికీ గద్వాలకీ మధ్య ఉన్నది ఒక్క కృష్ణ, దాన్నీ జూరాల డ్యామ్ మీద నుంచి దాటేస్తాం. కాబట్టి వాళ్ళ మాట కొంత నిజమే. అయినా గళ్ళ బట్టని రోజూ ఎలా కట్టుకోవాలో గద్వాల చీర కంటే బాగా చెప్పిన పుస్తకం గానీ వీడియో గానీ నాకు దొరకలేదు.

హౌండ్స్‌టూత్ అంటే వేటకుక్క పన్ను. ఫ్రెంచి వాళ్ళకి అదే నమూనా కోడికాలు. స్కాట్లాండ్ దక్షిణ భాగంలో గొర్రెల కాపరులు కప్పుకునే నలుపు తెలుపు గళ్ళ ఉన్నితో దీనికి చుట్టరికం. అంతకన్నా పాతదీ ఉంది: 1920లో స్వీడన్‌లోని గేరుమ్ దగ్గర బురదనేలలో ఒక ఉన్ని కప్పడం దొరికింది, దాని మీద ఇదే పన్ను. క్రీస్తుకి ముందు నాటిది. ఆ కాపరి బట్ట ఎక్కడిదాకా పోయిందంటే, పారిస్‌లో డియోర్ వాళ్ళు తమ సెంటు సీసా మీద కూడా చెక్కించారు.

నలుపు, తెలుపే ఎందుకంటే ఖర్చు లేదు గనక. గొర్రె ఒంటి మీద ఏ రంగుంటే నూలు ఆ రంగు. మా పాలమూరు గొంగడిదీ అదే లెక్క. నల్ల దక్కని గొర్రె బొచ్చు, అద్దకం పని లేదు, వానకీ చలికీ ఒకటే బట్ట. స్కాట్లాండ్ కాపరీ మా కాపరీ ఎదురుపడితే బట్టల గురించి మాట్లాడుకోవడానికి చాలానే ఉండేది.

ఇక పన్ను ఎలా వస్తుందంటే, పడుగులో నాలుగు నల్లపోగులు, నాలుగు తెల్లపోగులు. పేకలోనూ అంతే. ఒక పోగు పైన, ఒక పోగు కింద పోయే సాదా నేత నేస్తే మామూలు చిన్న గడి పడుతుంది. రెండు పైన, రెండు కింద పెట్టి, ప్రతి వరసకీ ఒక్క పోగు పక్కకి జరుపుతూ నేస్తే బట్టలో ఏటవాలు వస్తుంది. ఆ ఏటవాలు గడి మూలల్ని గుంజి పన్ను చేస్తుంది. అవే పోగులు, అదే లెక్క, మారింది కాలి కింద కర్రల వరస.

ఇదంతా నాకు మా పెద్దమ్మ చెప్పింది. ఆమె అమరచింతలో మగ్గం నేస్తుంది. మొన్న దసరాకి మా చెల్లెలు, అంటే పెద్దమ్మ కూతురు, ఆత్మకూరులో కొన్న హౌండ్స్‌టూత్ కుర్తీ వేసుకుని వచ్చింది. కొత్తగా ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది, మొదటి జీతంతో కొనుక్కుంది. పెద్దమ్మ కుర్తీ అంచు పట్టుకుని తిరగేసింది. వెనక తెల్లగా ఉంది.

"గిది నేసింది కాదు బిడ్డా, అచ్చు గుద్దింది" అంది.

"అయితే ఏంది? మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. వెనక లేదంటున్న, అంతే."

మా చెల్లెలు ఆ కుర్తీని బడికి రెండుసార్లే వేసుకుంది. స్టాఫ్ రూములో ఎవరో "గళ్ళు నిన్ను ఇంకా లావుగా చూపిస్తున్నయి" అన్నారట. తర్వాత అది బీరువాలోకి పోయింది. నాకు ఫోన్ చేసి, "అక్కా, లావుగున్నోళ్ళు గళ్ళు వేసుకోవద్దా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు వెతకబోయి ఫ్యాషన్ సలహాలు చాలా చదివాను. సగం సలహాలు మనిషిని చిన్నగా కనబడేట్టు చేయడం గురించే. చిన్న గడి వేసుకో, ముదురు రంగు వేసుకో, నడుం దగ్గర దాచుకో. పొద్దున ఎనిమిదిన్నరకి బస్సెక్కి, సాయంత్రం దాకా నల్లబల్ల దగ్గర నిలబడే మనిషికి అవన్నీ దేనికి?

అందుకే నేను దానికి గద్వాల చీర చెప్పాను.

గద్వాల చీరలో ఒళ్ళు నూలు. అంచు, కొంగు పట్టు. రెండింటికీ పేక పోగులు వేరువేరు, కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకునేలా నేస్తారు. ఒళ్ళంతా గళ్ళున్నా అంచులోకి గడి రాదు. గడిలో లేని రంగు అంచులో ఉంటుంది, నలుపు తెలుపు గళ్ళకి ఆవపిండి పసుపో, వంగపండు రంగో. కన్ను గళ్ళ మీద తిరిగి తిరిగి అంచు దగ్గర ఆగుతుంది. హౌండ్స్‌టూత్‌కి కావలసిందీ అదే. గడి ఎక్కడో ఒక చోట అయిపోవాలి, అయిపోయిన చోట ఒక సాదా రంగు ఉండాలి.

కుర్తీ పన్నుదైతే ప్యాంటూ చున్నీ సాదా. చున్నీది మూడో రంగు అయితే ఇంకా మంచిది. కుర్తీకి చేతుల చివర, కింద, రెండు వేళ్ళ వెడల్పు సాదా పట్టీ వేయిస్తే రెడీమేడ్ ముక్కకి కూడా అంచు వచ్చినట్టే. చీర సాదాగా ఉంటే రైక పన్నుది, చీరే పన్నుదైతే రైక అంచు రంగుది. పువ్వుల చున్నీ దాని పక్కన పెట్టొద్దు, రెండూ ఒకేసారి మాట్లాడతాయి. సన్న గీతల బట్ట మాత్రం నప్పుతుంది.

గడి సైజు ఒంటి సైజుని బట్టి కన్నా, చూసేవాళ్ళు ఎంత దూరంలో ఉంటారన్న దాన్ని బట్టి ఎంచుకోవాలని నా నమ్మకం. సన్న పన్ను నాలుగడుగుల దూరం నుంచి బూడిద రంగైపోతుంది. క్లాసులో చివరి బెంచీ పిల్లలకి అది సాదా బట్టే. అరచేతిలో సగం వచ్చే పెద్ద పన్ను వీధి చివరి నుంచి కూడా కనిపిస్తుంది, దాన్ని స్వెట్టరు మీదో సంచీ మీదో పెట్టుకోవచ్చు. వీడియో కాల్ ఉన్న రోజు మాత్రం సన్న నలుపు తెలుపు వద్దు. కెమెరా చుక్కలకీ గళ్ళకీ పొత్తు కుదరక తెర మీద బట్ట అలలు కొడుతుంది.

కుట్టించుకుంటే అర మీటరు ఎక్కువ కొనాలి. పక్క కుట్టు దగ్గర గళ్ళు కలవకపోతే ఎంత మంచి బట్టయినా అరువు తెచ్చుకున్నట్టుంటుంది. "గళ్ళు కలపాలె" అని టైలరుకి ముందే చెప్పాలి, కత్తిరించాక చెప్పి లాభం లేదు.

మా చెల్లెలు కుర్తీకి ఆవపిండి రంగు పట్టీ వేయించింది. స్టాఫ్ రూములో ఎవరేమన్నారో నేను అడగలేదు, అది చెప్పలేదు. వారానికొకసారి వేసుకుంటోంది.

అయితే పెద్దమ్మ అన్న "వెనక లేదు" అన్న మాట నన్ను వదల్లేదు. రోజూ పెళ్ళిళ్ళకి పట్టుచీరలు నేసే ఆమె ఇంట్లో కట్టేది సిల్కు పేరుతో దొరికే పాలిస్టరు చీర. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరుతుంది, గంజి పని లేదు, ఇస్త్రీ పని లేదు, ధర తక్కువ. తన అమ్మ కట్టిన ముతక నూలు గళ్ళ చీరలు గుర్తున్నాయంటుంది. మరక పడితే గడిలో కలిసిపోయేదట. నాట్లకీ కలుపుకీ అవే. అవి కట్టేవాళ్ళు పోయారు, నేసేవాళ్ళు పెళ్ళి చీరలకి మళ్ళారు. పట్టుకి కూలి గిట్టుబాటవుతుంది, ముతక నూలుకి కాదు. రోజువారీ బట్ట మగ్గం మీద నుంచి దిగిపోయి అచ్చు మిషన్ కిందికి పోయింది.

"నూలులో ఈ పన్ను నేస్తవా, గద్వాల అంచుతో?" అని అడిగాను.

ఆమె లెక్క చెప్పింది. ఏటవాలు నేతకి మగ్గం కట్టు మార్చాలి, పోగులన్నీ మళ్ళీ ఎక్కించాలి. ఇప్పుడు ఒంటికొకటి, అంచులకు రెండు, మూడు నాడెలతో నేస్తున్నది నాలుగవుతుంది, ఎందుకంటే ఒంట్లోనే నలుపుకొకటి తెలుపుకొకటి కావాలి. ఆపైన అసలు చిక్కు: "ఉన్నికి నాలుగు పోగులంటే పన్ను కనబడ్తది. మన నూలు సన్నం. నాలుగు పోగులు కండ్లకే ఆనయి. పన్నెండు పెడితే పన్ను ఇంకో తీరుగైతది."

పన్ను పుట్టింది లావు ఉన్నిలో. దాన్ని సన్న నూలు మీదకి తేవాలంటే అచ్చు గుద్దడమే సులువు. కుర్తీ వెనక తెల్లగా ఉండటానికి కారణం ఇందులోనే ఉంది.

"పన్ను ఇడిసిపెట్టు. పన్నెండు, పన్నెండు పెట్టి సాదా నేత నేస్త. గడి వస్తది. నలుపు, తెలుపు, ఆవపిండి అంచు. ముందెంతో వెనకంతే" అంది.

"ధర?"

"పట్టంత కాదు. నీ చెల్లె కుర్తీ అంత కూడా కాదు." కుర్తీ లాంటివి అయిదారు వస్తాయి ఆ డబ్బుకి. ఆమె దాచలేదు. "పడుగెక్కిస్తే ఒక్క చీరతోని ఆపలేను. నాలుగు అయితయి. నలుగురిని చూస్కో, అప్పుడెక్కిస్త. అమ్ముడువోని చీర నా ఇంట్ల పెట్టుకోను."

ఇది చందా అడగడం లాంటిది కాదని వాళ్ళకీ నాకూ తెలియాలి. కట్టుకుని బస్సెక్కేవాళ్ళే కావాలి, బీరువాలో పెట్టి వారసత్వం అనేవాళ్ళు వద్దు. ఉతికితే రంగు పోకూడదు, గంజి లేకుండా కూడా నిలబడాలి అని నేను షరతు పెట్టాను. రంగుకి పూచీ తనది, గంజికి కాదని పెద్దమ్మ అంది.

ఇప్పటికి ముగ్గురమయ్యాం. నేను, ఆఫీసులో ఒకమ్మాయి, మా చెల్లెలు. దానికి రెండు నెలల వాయిదా ఇచ్చింది వాళ్ళమ్మ.