సర్వరు అడిగిన ఇంటిపేరు

నోయిడాలో మా కాలనీ గ్రంథాలయం సభ్యుల పేర్లు ఓపెన్ ఎల్‌డాప్ డైరెక్టరీ సర్వరులో ఎక్కిస్తున్నాం. మొదటి పేరుకే 32వ నంబరు ఎర్రరు. సాయానికొచ్చిన కుర్రాడు "ఇవాళ అమావాస్య అంకుల్, రేపు చూద్దాం" అన్నాడు.

32 అంటే పేరు చేరవలసిన పై కొమ్మ ఇంకా లేదని అర్థం. పద్దు తెరవకుండా వోచరు ఎక్కదని రక్షణ శాఖ లెక్కలు రాసిన నాకు తెలియదా? 'సభ్యులు' అనే కొమ్మ ముందు చేర్చాను. అమావాస్య నాడే పేర్లు ఎక్కాయి.

ఒకామె దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి 65: 'ఎస్ఎన్', అంటే ఇంటిపేరు, తప్పనిసరి. ఖాళీగా పెడితే 21, చెల్లదంది. కుర్రాడు "మీరేమిటోళ్ళు?" అని అడిగేశాడు. ఆమె ముఖం మాడిపోయింది. కులం తెలియకూడదనే వాళ్ళ నాన్న ఒక్క పేరే పెట్టాడట.

ఆ నిబంధన 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం నుంచి వస్తోంది. అందరికీ ఇంటిపేరు ఉంటుందని దాన్ని రాసినవాళ్ళు అనుకున్నారు, అంతే. ఆ గడిలో ఆమె పేరే మళ్ళీ రాశాను. సర్వరు ఒప్పుకుంది.

ఎర్రరుకు కారణం వెతికితే దొరుకుతుంది. కులం అడగడానికి మాత్రం నాకు ఏ కారణమూ దొరకలేదు.