నా ముందు పోయే బండికి

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరినైనా దారి అడిగితే ముందు వాళ్లే మనకు ఒక ప్రశ్న వేస్తారు: "ఏ బండికి?" ఇక్కడ వీధి నంబరు కన్నా బండి జబ్బు ముఖ్యం. రేడియేటరు కారుతోందా, కమాను కట్ట విరిగిందా, గేరుబాక్సు అరుస్తోందా, జవాబును బట్టి చెయ్యి ఒక్కో వైపు తిరుగుతుంది. నేను స్కూటీ ఆపి, టిప్పర్లకు చుట్టుకునే పట్టాలు బిగించే షెడ్డు ఎక్కడని అడిగాను. టీ గ్లాసు పట్టుకున్న పెద్దాయన నన్నూ నా స్కూటీనీ ఎగాదిగా చూశాడు.

"మీకు టిప్పరుందామ్మా?"

"లేదండీ. నా బండికి కాదు, నా ముందు పోయే బండికి."

ఆయన నవ్వి, గ్లాసుతోనే దారి చూపించాడు.

హాస్యానికి అన్నది కాదు. పోయిన వేసవిలో ఇబ్రహీంపట్నం నుంచి గొల్లపూడి వైపు వస్తుంటే ముందు ఒక టిప్పరు పోతోంది, బూడిద లోడు. పైన బరకం ఉంది. ఉందంటే, ఒక మూల తాడుకు వేలాడుతూ జెండాలా కొట్టుకుంటోంది. హెల్మెట్ అద్దం ఎత్తి ఉండటం నా తప్పే. కంట్లో పడ్డది తీయించుకోవడానికి ఒక పూట, పట్టీతో రెండు రోజులు. బండి నంబరు చూద్దామంటే నంబరు ప్లేటు మీద కూడా బూడిదే. అప్పట్నుంచి రోడ్డు మీద టిప్పరు కనిపిస్తే ముందు దాని నెత్తి చూడటం అలవాటైపోయింది. ఎన్నింటికి కప్పారు, ఎన్నింటికి కప్పినట్టు నటించారు అని లెక్కపెట్టుకుంటూ పోతాను.

మాటలు కూడా పోగేశాను. కృష్ణా, గుంటూరు పల్లెల్లో వడ్లరాశి మీద కప్పేది బరకం. లారీవాళ్లకు అదే పట్టా. తెలంగాణలో తాడిపత్రి అంటారు. అనంతపురం వైపు అదే పేరున్న ఊరితో దానికి చుట్టరికముందో లేదో తెలీదు గానీ, మరాఠీలోనూ పట్టాను తాడపత్రి అనే అంటారు.

షెడ్డు అంటే నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు. ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. కొలిచినవాళ్లను నేను చూడలేదు గానీ, బస్సు ఛాసిస్ లోపలికి వచ్చి పూర్తి బస్సై బయటికి పోవడం మాత్రం ఈ వీధుల్లో మామూలు విషయం. మేస్త్రికి అరవై దగ్గర పడుతున్నాయి. చొక్కా జేబులో సుద్దముక్క, చెవిమీద పెన్సిలు. పని నేర్చుకుంటున్న కుర్రాడు ఆయన్ని బాబాయ్ అంటాడు. లోపల పదిచక్రాల టిప్పరు ఒకటి నిలబడి ఉంది. పదహారు క్యూబిక్ తొట్టి, అంటే పదహారు ఘనమీటర్లు పట్టేది. కింద నిలబడి చూస్తే తొట్టి అంచు నా తలకన్నా ఎంతో పైన, దాదాపు పదడుగుల ఎత్తులో ఉంది.

"ముందు ఎక్కి చూడండి," అన్నాడు మేస్త్రి. "ఎక్కితే గానీ ఈ పని ఎందుకో తెలీదు."

పక్కన ఉన్న నిచ్చెన మెట్లు పట్టుకుని ఎక్కాను. ఖాళీ తొట్టే. అయినా అంచు మీద కాళ్లు పెట్టి నిలబడగానే కింద నేల వెనక్కి జరిగినట్టయింది. ఆ టిప్పరు డ్రైవరు, ముప్ఫై దాటని మనిషి, కింది నుంచి చెప్పుకుపోతున్నాడు. "ఇసక మీద కాలు దిగుద్ది మేడం. కంకర మీద జారుద్ది. బూడిద మీదైతే మోకాళ్లదాకా పోద్ది. ఆ మీద నిలబడి పట్టా పరిచి, నాలుగు పక్కలా తాళ్లు కట్టాలి. ఇదివరకు క్లీనరు ఉండేవాడు, ఇప్పుడు చాలా బళ్లకి డ్రైవరే క్లీనరు. రాత్రి పదకొండింటికి, పొద్దుట్నుంచి ఆరో ట్రిప్పు. మీరైతే ఎక్కుతారా?"

ఎక్కనని చెప్పాను. నా కంట్లో బూడిద పోసిన ఆ డ్రైవరు మీద ఏడాదిగా దాచుకున్న కోపం అక్కడ, ఆ అంచు మీద, కొంచెం పలచబడింది.

చుట్టుకునే పట్టా ఈ ఎక్కుడు పనిని తప్పించడానికే వచ్చింది. మనిషి నేలమీదే ఉంటాడు. రకాలు చాలా ఉన్నాయిగానీ ఇక్కడ ఎక్కువగా బిగించేవి రెండు. మొదటిది పక్కకి చుట్టేది. తొట్టికి అడ్డంగా నాలుగైదు వంపు పైపులు వేస్తారు, ఎడ్లబండి గూడులాగా. పట్టా ఒక అంచు ఎడమ గోడకు బిగించి ఉంటుంది, రెండో అంచు పొడవాటి పైపుకు చుట్టి ఉంటుంది. వెనకో ముందో నిలబడి హ్యాండిలు తిప్పితే ఆ పైపు దొర్లుకుంటూ వంపు పైపుల మీదుగా అటు గోడదాకా పోతుంది. ఖర్చు తక్కువ, చెడేదీ తక్కువే. చిక్కల్లా పొక్లెయినుతో. లోడు పోసే బకెట్టు ఆ వంపు పైపులకు తగులుతూనే ఉంటుంది. నెలరోజుల్లో గూడు కాస్తా విరిగిన దువ్వెనవుతుందని మేస్త్రి అన్నాడు.

రెండోది ముందు నుంచి వెనక్కి పోయేది. నేను చూడటానికి వచ్చింది దాన్నే. క్యాబిన్ వెనక, తొట్టి ముందుగోడ మీద ఒక రేకు పెట్టె, అందులో రోలరు, రోలరుకు చుట్టిన పట్టా. తొట్టి రెండు పక్కల గోడలకూ కింది భాగంలో ఒక్కో ఇరుసు, దాని మీద తిరిగే పొడవాటి ఇనుప చెయ్యి. రెండు చేతులనూ పైన ఒక అడ్డపైపు కలుపుతుంది. పట్టా చివర ఆ అడ్డపైపుకు ఉంటుంది. చేతులు ముందుకు వాలి ఉంటే తొట్టి తెరిచినట్టు, వెనక్కి వాలితే మూసినట్టు. లోడు పోసేటప్పుడు తొట్టి మీద అడ్డంగా ఒక్క పైపూ ఉండదు, బకెట్టు ఎటు తిరిగినా భయం లేదు.

చేతుల్ని వెనక్కి లాగేది ఏమిటని అడిగాను. మేస్త్రి మాట్లాడకుండా బల్ల మీది నుంచి ఒక వస్తువు తీసి నా అరచేతిలో పెట్టాడు. చెయ్యి కిందికి జారింది, అంత బరువు. వెడల్పాటి ఉక్కు పట్టీని చుట్టలు చుట్టలుగా చుట్టిన స్ప్రింగు. పాత గోడగడియారం వెనక మూత తీస్తే కనిపించేదానికి పెద్దన్న. చుట్టకీ చుట్టకీ మధ్య గ్రీజు, అంచుల్లో కాలిన ఉక్కుకు వచ్చే నీలం రంగు. లోపలి కొస చిన్న కొక్కెంలా వంగి ఉంది, అది ఇరుసులో చీలికలోకి పోతుంది. బయటి కొస చేతిని తోస్తుంది. చెయ్యి ముందుకు వాలినప్పుడు ఈ చుట్ట బిగుసుకుంటుంది. వదిలితే విచ్చుకోవాలని చూస్తుంది, చేతిని వెనక్కి నెడుతుంది, పట్టా దాంతోపాటు పోతుంది. ఒక్కో పక్క ఇలాంటివి మూడు. క్యాబిన్ వెనక ఉన్న మోటారు పని పట్టాను చుట్టడం, వదిలేటప్పుడు ఒక్కసారిగా పోకుండా మెల్లగా వదలడం, అంతే. బండి బ్యాటరీతోనే, 24 వోల్టుల మీద తిరుగుతుంది. లోపల మరచుట్టు గేరు ఉంటుంది కాబట్టి స్విచ్చి వదిలేస్తే ఎక్కడిది అక్కడే ఆగుతుంది.

"తిప్పించనా?" అని కుర్రాడు క్యాబిన్‌లోకి దూకాడు. మోటారు సన్నగా మూలిగింది. రెండు చేతులూ నిద్రలేచినట్టు లేచి, నడినెత్తి దాటాక బరువు తెలిసి, తొట్టి వెనక అంచు మీద దబ్బున వాలాయి. పావు నిమిషం కూడా పట్టలేదు. తాళ్లతో ఇదే పని ఎంతసేపని డ్రైవరును అడిగితే, "చీకట్లో, ఒక్కణ్నే అయితే ఇరవై నిమిషాలు. కాటా దగ్గర వెనక బండోడు హారను కొడతంటే ఐదు నిమిషాలు," అన్నాడు. ఐదు నిమిషాల కట్టు ఎలా ఉంటుందో నేను హైవే మీద చూసినదే.

గుడ్డ సంగతి మేస్త్రి వేళ్లతో చెప్పాడు. ఒక్కో ముక్కా నా ముందు చాచి నలిపించాడు. కంకరకైతే దోమతెరలా కన్నాలున్న గుడ్డ చాలు. గాలి దాంట్లోంచి పోతుంది కాబట్టి పట్టా బెలూనులా ఉబ్బదు. బూడిదకు అది పనికిరాదు, జల్లెడ పట్టినట్టవుతుంది. బూడిదకు నిండుగుడ్డ కావాలి. నిండుగుడ్డ ఉబ్బుతుంది కాబట్టి అంచుల వెంబడి పక్కతాళ్లు కావాలి. తారు కలిపిన వేడి కంకరది మరో కథ. ప్లాంటులో పోసేటప్పుడు దాని వేడి నూటయాభై డిగ్రీల చుట్టూ ఉంటుంది, చవక ప్లాస్టిక్ పట్టా దాని మీద ముడుచుకుపోతుంది. మందపాటి కాన్వాసే వేయాలి. అక్కడ కప్పేది దుమ్ము కోసం కాదు, దారిలో లోడు చల్లారితే రోడ్డు మీద సరిగా అణగదు, అందుకని.

ఏటి నుంచి నేరుగా వచ్చే తడి ఇసకకు ఏ పట్టా వేసినా వెనక డోరు సందులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. దానికి డ్రైవర్ల మందు గోనెసంచి కుక్కడం. ఇంతకన్నా గొప్ప యంత్రం ఇంకా రాలేదు.

పట్టా చెడిపోయే తీరు అడిగితే మేస్త్రి వేళ్లు మడవలేదు, ఒకటే చెప్పాడు: మరిచిపోవడం. పట్టా తీయకుండానే జాకీ లేపుతారు. తొట్టి ఏటవాలవుతుంది, లోడంతా వెనక్కి వచ్చి అడ్డపైపు మీద పడుతుంది. మూలన నాలుగు చేతులు ఉన్నాయి, ఒక్కటీ తిన్నగా లేదు.

అప్పటికి నాకు బుర్రలో ఒక సిద్ధాంతం తయారైంది. ఈ చేతులు వెనక్కి వాలాక పట్టా తొట్టి అంచుకు జానెడు పైన మాత్రమే ఉంటుంది. కుప్పగా పోస్తే పట్టా మూసుకోదు. అంటే ప్రతి బండికీ ఇది పెడితే ఓవర్‌లోడుకు అదే తాళం కదా! ఉత్సాహంగా చెప్పాను. మేస్త్రి జేబులోంచి సుద్ద తీసి, తొట్టి గోడ మీదే లెక్క వేశాడు.

పదిచక్రాల బండికి 2018 జులైకి ముందు మొత్తం బరువు 25 టన్నులు, ఆ తర్వాత 28.5. ఖాళీ బండి పది, పదకొండు టన్నులు. మిగిలేది పదిహేడు, పద్దెనిమిది. పొడి ఇసక ఘనమీటరుకు 1.6 టన్నులు. పదహారును 1.6తో గుణిస్తే 25.6. "అంచుదాకా చదునుగా పోసినా ఏడెనిమిది టన్నులు ఎక్కువేనమ్మా. తడిదైతే ఇంకా ఎక్కువ. మీ తాళం ఇసక్కి పడదు." ఒక్క బూడిదకే నా సిద్ధాంతం కాస్త నిలబడింది. పొడిగా ఉంటే ఘనమీటరు టన్ను చుట్టుపక్కలే కాబట్టి తొట్టి నిండా పోసినా లెక్క దాటదు, కుప్ప పోస్తేనే దాటుతుంది.

చట్టం వెనకబడి ఏమీ లేదు. ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ 2,000. పక్కలకు పొడుచుకొచ్చే, అనుమతించిన ఎత్తు దాటే లోడుకు వేరే 20,000. కప్పకుండా కట్టుబడి సామానూ శిథిలాలూ తీసుకెళ్లే బండిని పోనివ్వకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరి 25న నోటిఫికేషనే ఇచ్చింది, దుమ్ము మోతాదు దాటిన నగరాల కోసం. గాలి బాగాలేని నగరాల కేంద్ర జాబితాలో విజయవాడ ఉంది. కాగితానికి లోటు లేదు. కానీ ఆ కాగితంలో "కప్పిన" అన్న ఒక్క మాటలో ఈ స్ప్రింగు పట్టా, ఒక మూల ఎగిరే బరకం, రెండూ సమానంగా పట్టేస్తాయి. జరిమానా వేసే మనిషి కింద నిలబడి చూస్తాడు, తొట్టి పదడుగుల ఎత్తులో ఉంటుంది.

ధర ఎంతని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మేస్త్రి నా స్కూటీ వైపు చూశాడు. ఖరీదు చేయనివాళ్లకు ధర చెప్పకూడదన్నది ఆయన వ్యాపార నియమం కావచ్చు.

అమరావతిలో రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక కరకట్ట వైపు టిప్పర్లు పెరిగాయని, వాటిలో చుట్టుకునే పట్టా ఉన్నవి ఎక్కువగా పెద్ద కాంట్రాక్టుల బళ్లేనని డ్రైవరు చెప్పాడు. ట్రిప్పుల లెక్కన తిరిగే సొంత బళ్లవాళ్లు పెట్టించడం తక్కువ. కారణం డబ్బొక్కటే కాదట. "పట్టా ఉన్న బండిని ఇసక రీచ్‌లో జోకు చేస్తారు మేడం, పెళ్లికూతురు వచ్చిందని."

అతను అలా అంటుండగానే బయట కారు ఆగింది. ఆ టిప్పరు ఓనరు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. వచ్చీ రాగానే తొట్టి చుట్టూ ఒక చుట్టు తిరిగి, పైకి చూసి, సంతృప్తిగా తలాడించి, "అంతా బావుంది మేస్త్రీ," అన్నాడు. "అయితే ఆ చేతులు కాస్త పొడుగు చెయ్యాలి. కుప్ప పోస్తే పట్టా తగులుద్ది కదా. ఒక తొమ్మిదంగుళాలు లేపెయ్."

మేస్త్రి నా వైపు చూశాడు. నేను గోడ మీది సుద్ద లెక్క వైపు చూశాను. ఓనరు అది చదివాడో లేదో తెలీదు, ఫోను మోగింది, మాట్లాడుకుంటూ నీడలోకి వెళ్లిపోయాడు. మేస్త్రి ఒక్క క్షణం తటపటాయించి, వంగి, ఇనుప చెయ్యి మీద కొలత పెట్టి, అడ్డంగా గీత గీసి, పక్కన 9 అని రాశాడు. కట్టరు శబ్దం మొదలైంది. పైపు ముక్క అతికించడానికి కుర్రాడు వెల్డింగ్ రాడ్లు తెచ్చాడు. నేనింకా అక్కడే నిలబడి ఉండటం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కళ్లు అటు తిప్పుకోండి మేడం."