ఇరవై ఒకటి నిండనివాడి క్లబ్బు సిఫారసులు

మా లిటరరీ క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఈ సంచికకి టాపిక్స్ పంచుతున్నప్పుడు ఎవరో నా పేరు పక్కన "హైదరాబాద్‌లో మంచి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ క్లబ్బులు" అని రాసేశారు. హాస్టల్లో అర్ధరాత్రి ఎఫ్ఎల్ స్టూడియో పెట్టుకుని నేను చేసే టకటకలు విని, వీడు ప్రతి వీకెండూ జూబ్లీహిల్స్‌లోనే ఉంటాడని మీ అందరి నమ్మకం. నిజం చెప్పేస్తున్నాను. నాకు పందొమ్మిదేళ్ళు. ఇప్పటిదాకా ఏ నైట్‌క్లబ్బు లోపలా కాలు పెట్టలేదు. గేటు దాకా అయితే వెళ్ళాను. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

మొన్న ఎండాకాలం ఫస్టియర్ పరీక్షలయ్యాక విజయనగరంలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళాను. మా పెద్దమ్మ కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ జాబ్. ఇంట్లో చెప్పింది నెల రోజుల ఇంటర్న్‌షిప్ అని. అది అబద్ధం కాదు, ఇంటర్న్‌షిప్ ఉంది. కానీ గూగుల్ మ్యాప్స్‌లో నేను సేవ్ చేసుకున్న పదకొండు చోట్లలో ఆఫీసు ఒకటే. మిగతా పదీ జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, 45, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పబ్బులే.

రెండో శనివారం అన్నయ్యని బతిమాలి తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, అన్నయ్య షూస్. గేటు దగ్గర బౌన్సర్ నా ఆధార్ కార్డు తీసుకుని, పుట్టిన సంవత్సరం మీద వేలు పెట్టి, "రెండేళ్ళాగి రా తమ్ముడూ" అన్నాడు. తిట్టలేదు, నెట్టలేదు, చాలా మర్యాదగానే అన్నాడు. తెలంగాణాలో మందు అమ్మే చోట ఇరవై ఒకటి నిండాలి, మన ఆంధ్రాలోనూ అంతే. నేను తాగను, పాట వినడానికొచ్చాను అంటే అక్కడ ఎవరు నమ్ముతారు? అన్నయ్యకి ఇరవై ఆరు, కానీ పక్కన అమ్మాయి లేదు. ఒంటరి మగాడైతే 'స్టాగ్' అట, దానికి వేరే రేటు. ఆ రేటు విని అన్నయ్య "పద, బిర్యానీ తిందాం" అన్నాడు.

వెంటనే వెళ్ళలేదు. రోడ్డు కవతల అన్నయ్య యాక్టివా మీద కూర్చుని ఓ ఇరవై నిమిషాలు విన్నాను. గోడ దాటి పాట రాదు, పాడే గొంతు రాదు, తాళాలు రావు. కిక్ డ్రమ్ ఒక్కటే వస్తుంది. దీనికి కారణం సింపుల్. 50 హెర్ట్జ్ శబ్దం తరంగం దాదాపు ఏడు మీటర్ల పొడవుంటుంది, దాన్ని గోడ ఆపడం కష్టం. సన్నటి శబ్దాలు మాత్రం అక్కడే ఆగిపోతాయి. చదివి తెలుసుకున్న సంగతే గానీ, కూర్చుని వింటుంటే ఇది నాకు కొత్త కాదనిపించింది. చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే, పొలాల అవతల ఊరి సంబరం ఇలాగే వినపడేది. పాటేదో తెలిసేది కాదు. ధబ్ ధబ్ మాత్రం మంచం కోళ్ళల్లోంచి వచ్చేది.

సరే, ఇప్పుడు సిఫారసులు. మొదటిది ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి.

నవ్వకండి. హైదరాబాద్, బెంగుళూరు, ముంబయిల్లో 'కాఫీ రేవ్' అని మొదలైంది. కేఫ్‌లో బల్లలు పక్కకి జరిపేసి, కౌంటర్ పక్కన డీజే కన్సోల్ పెట్టి, కాఫీ తాగుతూ డాన్స్ చేయడం. మందు లేదు కాబట్టి ఇరవై ఒకటి గొడవ లేదు. నేను వెళ్ళినదాంట్లో ఓ అరవై మంది ఉంటారు. చంకలో పిల్లాణ్ణి వేసుకుని ఎగురుతున్న తల్లి ఒకావిడ, యోగా మ్యాట్‌తో వచ్చినవాళ్ళు, నిన్న రాత్రి నిద్రపోలేదని మొహం చూస్తే తెలిసే ఇద్దరు. నిమిషానికి 124 బీట్ల హౌస్ మ్యూజిక్. కాఫీ మూడువందల యాభై, అది మాత్రం నాకు నొప్పే. కానీ మొదటిసారి ఒక డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఎక్కడ దాటుతుందో ఆమె చేతులు చూస్తూ నేర్చుకున్నాను. ఆ గంటన్నరలో నేర్చుకున్నది ఆర్నెల్ల యూట్యూబ్‌లో నేర్చుకోలేదు.

రెండోది, మీలో ఇరవై ఒకటి దాటిన ఫైనలియర్ అన్నలకీ అక్కలకీ. క్లబ్బు పేరు చూసి వెళ్ళకండి, ఆ రాత్రి ఎవరు వాయిస్తున్నారో చూసి వెళ్ళండి. ఒకే హాల్లో బుధవారం బాలీవుడ్, శుక్రవారం టెక్నో, శనివారం తెలుగు మాస్ పాటల రీమిక్స్ ఉంటాయి. పోస్టర్ మీద డీజే పేరు చిన్నదిగా, డ్రింక్ ఆఫర్ పెద్దదిగా ఉంటే ఆ రాత్రి సంగీతం కోసం కాదని అర్థం. త్వరగా వెళ్ళండి కూడా. జూబ్లీహిల్స్ కాలనీవాళ్ళు నిద్ర పట్టడం లేదని కోర్టుకెళ్తే, 2022 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు పబ్బుల్లో రాత్రి పది తరవాత సంగీతం వద్దంది. తరవాత ఆ ఆర్డర్ మారింది గానీ పేచీ మాత్రం ఉండనే ఉంది. ఇంకోటి, స్పీకర్ ముందు నిలబడి హీరోలవకండి. 85 డెసిబెల్స్ అయితే చెవి ఎనిమిది గంటలు తట్టుకుంటుంది, అక్కణ్ణుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. ఇయర్‌ప్లగ్స్ రెండొందలకి దొరుకుతాయి, ఒక కాఫీ కంటే తక్కువ.

మూడోది క్లబ్బు కాదు, రికార్డు. చరణ్‌జిత్ సింగ్ అని ముంబయిలో సినిమా పాటలకి వాయించిన ఆయన, 1982లో మూడు రోలాండ్ మెషిన్లు పెట్టుకుని పది రాగాలు డిస్కో బీట్ మీద వాయించాడు. అప్పుడెవరూ కొనలేదు. 1987లో చికాగోలో 'ఆసిడ్ హౌస్' అని ఒక కొత్త సంగీతం రికార్డుగా వచ్చింది. అందులో కీచుమంటూ జారిపోయే ఆ బేస్, ఈయన వాడిన టీబీ-303 మెషిన్‌లోంచి వచ్చేదే. 2010లో ఈ రికార్డు మళ్ళీ వేస్తే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆయన 2015లో పోయాడు. సెకండ్ స్లీపర్ పై బెర్తు మీద, హెడ్‌ఫోన్స్‌లో, రాజమండ్రి బ్రిడ్జి మీద వినండి. ఇది నా పర్సనల్ క్లబ్బు, ఎంట్రీ ఫ్రీ.

ఆ రికార్డు తిరుగు ప్రయాణంలో విన్నప్పుడే నాకు మా తాత గుర్తొచ్చాడు. అసలు రాయాల్సింది ఇదే, ఇందాకటి నుంచీ వాయిదా వేస్తున్నాను.

మా అమ్మ వాళ్ళ నాన్న తప్పెటగుళ్ళు ఆడేవాడు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి: గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ రెండు చేతులా వాయిస్తూ ఎగురుతారు. గొర్రెల కాపరుల ఆట. మెల్లగా మొదలై, చూస్తుండగానే వేగం పెరిగిపోతుంది. మా ఊరి అమ్మవారి సంబరానికి ఏటా తాత దళమే ఆడేది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా కుర్రాళ్ళందరం కలిసి కమిటీ దగ్గరికెళ్ళి ఈసారి డీజే కావాలన్నాం. పక్కూళ్ళో వ్యాను మీద పన్నెండు బాక్సులు పెట్టారు, మనకేం తక్కువ అని. చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా తాత దగ్గరా రెండొందలు తీసుకున్నాను. రసీదు కూడా రాశాను. ఆ డబ్బు దేనికో ఆయనకి తెలుసు. డీజేకీ తప్పెటగుళ్ళకీ రెండింటికీ సరిపడా డబ్బు లేదని కమిటీ దళాన్ని పిలవలేదు. తరవాత ఏడూ పిలవలేదు. దళంలో ఇద్దరు చెన్నైకి కూలి పనికి వెళ్ళిపోయారు, ఒకాయన పోయాడు. అంతే, ఇంక ఆడలేదు.

ఆ రాత్రి తాత సంబరానికొచ్చాడు. వ్యాను దగ్గరగా నిలబడి, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని ఉన్నాడు. నేను భయపడి, "ఏటయింది తాతా, నొప్పా?" అంటే, "నొప్పేటీ లేదు రా. తప్పెట కట్టీకుండానే గుండి మీద కొడతందే అని సూస్తన్నాను" అన్నాడు. కాసేపాగి, "కానీ దీనికి ఆగడం తెల్దు" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. నేను వెళ్ళి ఎగిరాను. బాగా ఎగిరాను కూడా, ఆ రాత్రి నాకు చాలా నచ్చింది. అది కూడా రాయాలి కదా.

2024లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారని చదివినప్పుడు మంచిదే అనుకున్నాను. మళ్ళీ అదే నేను ఆ ఊళ్ళోనే క్లబ్బు గేటు దగ్గర ఆధార్ చూపించాను. ఏసీ హాల్లో అయితే కల్చర్, ట్రాక్టర్ వెనకాల అయితే న్యూసెన్స్ అని నాలో ఒక ఫోల్డర్ ఉంది. ఎవరు క్రియేట్ చేశారో తెలీదు.

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు, సిరిమాను చూసొచ్చాక, తాత చేత అటక మీంచి తప్పెట దించాను. ఒక అంచు తుప్పు పట్టింది. మోకాళ్ళు పనిచేయవు కాబట్టి అరుగు మీద కూర్చునే వాయించాడు. ఫోన్లో రికార్డు చేశాను. హాస్టల్‌కొచ్చి గ్రిడ్ మీద పెడితే ఒక్క దెబ్బా గీత మీద పడదు. తొంభై ఆరు దగ్గర మొదలై నూట నలభై దాటాడు. సాఫ్ట్‌వేర్‌కి టెంపో ఎంత అని అడిగితే నాలుగుసార్లు నాలుగు జవాబులు చెప్పింది. చివరికి గ్రిడ్ తీసేసి, నా కిక్‌నే ఒక్కొక్కటిగా ఆయన దెబ్బల దగ్గరికి జరిపాను. మూడు రాత్రులు పట్టింది. డీబీఎంఎస్ ఇంటర్నల్ పోయింది.

దీపావళికి తాత చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. రెండో నిమిషం దగ్గర చెయ్యెత్తాడు.

"ఇక్కడ ఆపాల."

"పాటా?"

"పాట కాదు, కొట్టడం. ఇక్కడ అందరం పైకెగురుతాం రా గుంటడా. గాల్లో ఉన్నప్పుడు ఎవుడు కొడతాడు? కాళ్ళు కిందికి దిగినాకే మళ్ళీ కొట్టాల."

డ్రాప్ గురించి నేను ఇంత బాగా ఎవరి దగ్గరా వినలేదు. ఆ గాల్లో ఉన్న టైమ్ ఎంత పెట్టాలో కొలవడం కుదరలేదు, ఆయన ఎగరలేడు. నేనే గజ్జెలు కట్టుకుని ఎగిరాను, ఆయన చేత్తో చూపించాడు, ఇంకా పైకి, ఇంకా అని. అమ్మ వీడియో తీసింది. అది మాత్రం గ్రూపులో పెట్టను.

ఫోన్ మైక్‌లో తప్పెట మోగేది డబ్బా కొట్టినట్టుంది, గుండె దగ్గర వచ్చే ఆ కింది శబ్దం అస్సలు పడలేదు. తాతతో పాటు ఆడినవాళ్ళలో ఇంకా ముగ్గురు ఊళ్ళోనే ఉన్నారు, ఈసారి సెలవులకి వస్తే వాయిస్తామన్నారు. మన ఈసీఈ వాళ్ళ దగ్గరో, షార్ట్‌ఫిల్మ్ బ్యాచ్ దగ్గరో మంచి రికార్డర్ ఉంటే ఓ నాలుగు రోజులు ఇవ్వండి. సెకండ్ ఫ్లోర్, రూమ్ 214. ఛార్జర్ కూడా కలిపి ఇవ్వండి, మా ఊళ్ళో ఆ పిన్ దొరకదు.