గోదావరి దిక్కు మార్చుకునే ఊరు

ఒకే ప్రాంగణంలో నరసింహుడు, యమధర్మరాజు. గడప దాటి నాలుగడుగులు వేస్తే గోదావరి. అవతలి గట్టున అడవులు, బొగ్గు గనులు. జగిత్యాల జిల్లా ధర్మపురికి వెళ్తే దైవదర్శనమే కాదు, ఉత్తర తెలంగాణ బతుకుచిత్రం కూడా కళ్లకు కడుతుంది.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి తూర్పు దారి పట్టి వస్తుంది. ధర్మపురి చేరేసరికి దక్షిణానికి మళ్లుతుంది. అందుకే ఇక్కడ ఆమె దక్షిణవాహిని. దక్షిణం యముడి దిక్కు కదా! ఆయనకు ఇక్కడ గుడి ఉండటంలో ఆశ్చర్యమేముంది? ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని పెద్దలు చెబుతారు. అపమృత్యు భయం పోవాలని భక్తులు గండదీపంలో నూనె పోస్తారు. పక్కనే రామలింగేశ్వరుడు కొలువుదీరడంతో ఇది శివకేశవుల క్షేత్రమైంది. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు బ్రహ్మపుష్కరిణిలో జరిగే తెప్పోత్సవం చూసి తీరాల్సిందే. తెలుగిళ్లలో పిల్లలు వల్లెవేసిన నరసింహ శతకం కూడా ఈ స్వామి మీద శేషప్ప కవి చెప్పిందే.

రెండు గట్ల కథ

నిజాం కాలంలో ఈ ప్రాంతం ఎలగందల జిల్లాలో ఉండేది. 1905లో ఆ జిల్లాయే కరీంనగర్ అయింది. 2016లో జగిత్యాల వేరు జిల్లాగా ఏర్పడితే ధర్మపురి అందులోకి వచ్చింది. గోదావరి దాటితే ఒకప్పటి ఆదిలాబాద్, ఇప్పటి మంచిర్యాల జిల్లా. రెంటినీ కలిపేది రాయపట్నం వంతెన. ఇటు వరి, పసుపు, మామిడి. అటు లక్షెట్టిపేట మీదుగా జన్నారం వెళ్తే టేకు అడవులు, 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం. మంచిర్యాల వైపు సింగరేణి.

ఆడవాళ్లే ఎక్కువ

2011 లెక్కల ప్రకారం తెలంగాణలో వెయ్యిమంది మగవాళ్లకు 988 మంది స్త్రీలు. ఇప్పటి జగిత్యాల జిల్లా పరిధిలో మాత్రం 1036 మంది! దీని వెనుక పెద్ద కారణం వలసే. బోర్లు ఎండి, అప్పులు పెరిగి ఎందరో దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. ఇంటి భారం ఆడవాళ్ల మీద పడింది. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే అమ్మలు ఈ పల్లెల్లో అడుగడుగునా కనిపిస్తారు. వెయ్యి బీడీలకింతని కూలి. పొద్దంతా వంగి కూర్చుంటే నడుము నొప్పి, పొగాకు ధూళితో దగ్గు అదనం. పిల్లల ఫీజులు కట్టిందీ, దుబాయ్ అప్పుకు వడ్డీ తీర్చిందీ చాలా ఇళ్లలో ఆ చేతులే. దూరదేశంలో మనిషి ఉన్న ఇంటివారికి గండదీపం అర్థం వేరే చెప్పాలా?

ఎండాకాలం వస్తే నదిలో నీటికన్నా ఇసుకే ఎక్కువ. వానాకాలం ఎగువన శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తితే అదే గోదావరి మెట్లెక్కి వస్తుంది. 2015 పుష్కరాలకు ఈ రేవులు జనంతో కిక్కిరిశాయి. పన్నెండేళ్ల లెక్కన మళ్లీ పుష్కరాలు 2027లో. ఆ రద్దీ కన్నా ముందే ఓసారి వెళ్లి రండి. స్వామి దర్శనమయ్యాక సాయంత్రం మెట్ల మీద కాసేపు కూర్చోండి. దక్షిణానికి మళ్లే నీళ్లను తీరిగ్గా చూడొచ్చు.

ఎలా వెళ్లాలి?

కరీంనగర్ నుంచి జగిత్యాల మీదుగా దాదాపు 75 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవారు మంచిర్యాలలో దిగితే అక్కడినుంచి బస్సులో సుమారు 40 కిలోమీటర్లు.