తెరమీది ముఖము – ప్రక్కనున్న ముఖము



దైవసేవకులు వీడియో గేముల గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయితే విశాఖపట్నములో పెరిగిన మా బాల్యదినముల నుండి మేము వాటిని ఆడుచునే యున్నాము. ఆ బొమ్మలు మా కన్నుల యెదుటనే మారినవి.

1990 దశకములో గాజువాకలో మా వీధి పిల్లలమందరము ఒక్క టీవీ ముందు కూర్చుండి మారియో ఆట ఆడెడివారము. అది జపాను దేశపు నింటెండో కంపెనీ 1985లో విడుదల చేసిన ఆట. దాని బొమ్మ చుక్కల ముగ్గు వంటిది. అడ్డముగా 256 చుక్కలు, నిలువుగా 240, అంతే. అంత కొద్ది చుక్కలలో నోరు, జుట్టు వేయుట కష్టము గనుక, 1981లో మారియోను సృష్టించిన మియమోతో అతనికి మీసము, టోపీ పెట్టెను. ఆ ఆటలో ఆకాశమందలి మేఘమును నేలమీది పొదయు ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. తక్కువైనదంతయు మేమే ఊహించుకొనెడివారము.

1994లో జపానులో ప్లేస్టేషన్ వచ్చెను. చిన్న చిన్న త్రిభుజములు కూర్చి మనుష్యులను చేసిరి. వారి చుట్టు తిరిగి చూడవచ్చును గాని ముఖములు ఉలితో చెక్కినట్లుండెను. 2018లో, వెలుగు కిరణము దేనిమీద పడి ఎటు మరలునో ఆడుచుండగానే లెక్కకట్టు కార్డులు ఇండ్లలోని కంప్యూటర్లకు వచ్చినవి. ఇప్పుడు తెరమీది నీరు ఆర్కే బీచిలో పొద్దుటి సముద్రము వలె మెరయుచున్నది.

బొమ్మకు నిండుదనము వచ్చినది గాని ఇంటిలో ఏదో తరిగినది. నాడు అందరికి ఒక టీవీ. నేడు ఒక్కొక్కరి చేతిలో ఒక ఫోను. 2020 సెప్టెంబరులో మన దేశములో పబ్జీని నిషేధించినప్పుడు మా సంఘపు పిల్లలు మరియొక ఆట వెదకికొనిరి.

స్టీల్ ప్లాంటులో పనిచేయు మా సంఘస్థుడొకరు నైట్ షిఫ్టు దిగి మా యొద్దకు వచ్చెను.

“అయ్యగారండీ, మావోడు నా మొఖం చూసి మాటాడి ఎన్నాళ్లయిందో! ఆ ఫోను పగలగొట్టీమంటారేటి?” అని కన్నీరు పెట్టుకొనెను.

“వద్దు బ్రదర్. వాడి పక్కన కూర్చుని, ఆ ఆట నాకూ నేర్పరా అనండి” అంటిమి.

ఆ సాయంకాలము తండ్రి నిమిషములోనే ఓడిపోయెను. కుమారుడు పకపక నవ్వి, తండ్రి వ్రేళ్లు పట్టుకొని ఎట్లు ఆడవలెనో చూపెను. వారి కష్టమంతయు తీరినదని చెప్పము గాని, అన్నము వేళ ఇద్దరును మాటలాడుకొనుచున్నారు.

తెరమీది ముఖము ఎంత సజీవముగా తోచినను అది మన బిడ్డను చూడదు. అరణ్యములో ఒంటరియైన హాగరు దేవుని ఎరిగినది తన్ను చూచువానిగానే (ఆదికాండము 16వ అధ్యాయము). తమ్మును ఒకరు చూడవలెనను ఆకలి మన పిల్లలకును ఉన్నది. తల్లిదండ్రులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు కొంతసేపు మీ బిడ్డ ప్రక్కన కూర్చుండుడి. ఏమి ఆడుచున్నాడో అడుగుడి.